మొర కాగితం

ఆటో ఎక్కగానే హైమ మెడలో వేలాడుతున్న బ్యాడ్జిని చున్నీ కిందికి తోసేసింది. పాపాయి చూడనే చూసింది.

"ఏంటే దాత్తన్నావు? మాకెవరికీ చెప్పకుండా తాళి కట్టించేసుకున్నావా ఏంటి?"

ఆటోలో ఇరుక్కుని కూర్చున్న ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. హైమకి చెవులు వేడెక్కాయి. పాపాయి అంతటితో ఊరుకోలేదు. తాడు పట్టుకుని బ్యాడ్జిని బయటికి లాగి, ఓసారి కళ్ళ దగ్గరగా, ఓసారి దూరంగా పెట్టుకుని చూసింది.

"ఇదేం రాతే? పిచ్చిక కాళ్ళకి సిరా పూసి నడిపించినట్టుంది."

"జపాను అక్షరాలత్తా. కింద ఉన్నది నా పేరు."

"మరి పైనున్నదో?"

హైమ తటపటాయించింది. ఆ ఆరు అక్షరాలనీ నిన్న సాయంత్రం ఫోనులో నిఘంటువు పెట్టుకుని చదివింది. "విదేశీ శిక్షణార్థి అని. అంటే వేరే దేశం నుంచి వచ్చి పని నేర్చుకుంటున్న మనిషి అని."

"వేరే దేశవా! నువ్వు పుట్టినప్పుడు ఆసుపత్రిలో ఉన్న మీ అమ్మకి పథ్యం క్యారేజీ మోసింది నేను కదే. మూడు రోజులు మోసేను. అది ఏ దేశవంట?"

"బ్యాడ్జీలు అక్కడే అచ్చేసి పంపించారత్తా. అందరికీ ఒకటే."

"ఓసోస్, ఫారిన్ పిల్లా! సర్దుకో మరి. నా పైట నలిగిపోతంది."

ఆటో కాలవ గట్టు మీద గుంటలు తప్పించుకుంటూ పోతోంది. రెండు పక్కలా రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. నాలుగు రోజులుగా ముసురు వదల్లేదు. భీమవరం దాటాక గట్టు చివర ఉన్న ఆ రొయ్యల కంపెనీలో జపాను వాళ్ళు వాటా కొన్నారు. కోచింగులో జపాను భాష నేర్చుకున్న పిల్లల్లోంచి ఇద్దరిని ఎంచారు. ఆరు వారాలు ఇక్కడ పని నేర్పి, చివరికి ఆ ఇద్దరిలో ఒకరిని మూడేళ్ళ పాటు పని చెయ్యడానికి జపాను తీసుకెళ్తారు. ఒకమ్మాయి పాలకొల్లు నుంచి వస్తున్న లావణ్య. రెండోది హైమ.

పాపాయి ఆ కంపెనీలో పదకొండేళ్ళుగా రొయ్యలు వలుస్తోంది. హైమ వాళ్ళ వీధే. చుట్టరికం లేకపోయినా అత్త.

గేటు కనబడుతుండగా పాపాయి హైమ చెవి దగ్గరికి వంగింది. "దిగేటప్పుడు కాస్త నీ భుజం ఇయ్యవే. ముసురు పట్టిన కాడ్నుంచి కుడి మోకాలు పట్టేత్తంది. పాదం లేవట్లేదు సరిగ్గా. ఎవరి దగ్గరా అనకు. ముఖ్యంగా మా కోడలి చెవిని పడిందో, పని మానిపించేసి పిల్లోణ్ణి నా ఒళ్ళో పడేసి, బూట్లేసుకుని తనొచ్చేత్తది."

"ఆయ్" అంది హైమ. పెద్దవాళ్ళు ఏది చెప్పినా ఆ పిల్ల అనే మాట అదొక్కటే.

షెడ్డులోకి వెళ్ళే గుమ్మంలో నేలలో కట్టిన సిమెంటు తొట్టి ఉంది. అందులో క్లోరిన్ నీళ్ళు. బూట్లతో అందులో అడుగేసి దాటితేగాని లోపలికి పోనివ్వరు. పాపాయి హైమ కుడి భుజం మీద చెయ్యేసి, బరువంతా అక్కడ మోపి, ఒక్కొక్క కాలూ ఈడ్చుకుంటూ దాటింది. వెనక ఉన్నవాళ్ళకి ఇద్దరూ కబుర్లాడుకుంటూ వెళ్తున్నట్టే కనపడి ఉంటుంది. హైమ భుజం కొంచెం దించి నడిచింది, ఆవిడకి అందేలా.

లోపల చలి. పొడుగాటి స్టీలు బల్లలు, బల్లల మీద మంచు, మంచులో రొయ్యలు. నూట ఇరవై మంది ఆడవాళ్ళు తలకి నెట్టు, మూతికి గుడ్డ కట్టుకుని నిలబడ్డారు. కళ్ళు తప్ప ఏమీ కనపడవు. తల తుంచడం, పొట్టు ఒలవడం, వీపు మీద గీరి నల్ల నరం లాగేయడం. బొటనవేలు ఎక్కడ ఆనించాలో, ఎంత నొక్కాలో పాపాయి చూపించింది. "నొక్కేవంటే కండ చితుకుద్ది. పసిపిల్లకి చొక్కా ఇప్పినట్టు ఇప్పాలి." పావుగంటకే హైమ వేళ్ళు తనవి కాకుండా పోయాయి.

ఏడింటికి పని నేర్పే జపాను ఆయన వచ్చాడు. పేరు మొరిత. అరవై ఏళ్ళుంటాయి, పొట్టి మనిషి, వెనక జేబులో ఎప్పుడూ ఒక గుడ్డ. నడుస్తూ నడుస్తూ ఆగి, వంగి, ఏదో ఒకటి తుడుస్తాడు. ఆయన చేతిలో రెండు కట్టల కార్డులున్నాయి, పసుప్పచ్చవీ ఎర్రవీ. గోడకి కొత్తగా రెండు రేకు పెట్టెలు బిగించారు. ఆయన చిన్న చిన్న మాటల్లో చెబుతుంటే లావణ్య గొంతెత్తి తెలుగులో చెప్పింది. హైమ పక్కన నిలబడింది.

పసుపు కార్డు హియారి. అది చెప్పడానికి ఆయన అందరి ముందూ జారిపోతున్నట్టు నటించాడు. పడబోయి నిలదొక్కుకుని, గుండె మీద చెయ్యి పెట్టుకుని "హత్!" అన్నాడు. చేతులు రుద్దుకుని వణికాడు. బల్లల వెంట నవ్వులు పాకాయి.

"గుండె ఝల్లుమనడం అన్నమాట. ప్రమాదం జరగబోయి తప్పిపోతే ఈ కాగితం రాయాలంట. రాస్తే, మళ్ళీ అలా జరక్కుండా వీళ్ళు బాగుచేస్తారంట. ఎవర్నీ తిట్టరంట. మేమిద్దరం రోజుకొకటి రాయాలి. మీరు చెప్తే మీవీ రాస్తాం" అంది లావణ్య.

"మరి ఎర్రదో?" అడిగింది దేవకుమారి, పాపాయి పక్క బల్ల ఆవిడ.

"నిజంగా దెబ్బ తగిలితే ఎర్రది. అది పెట్టెలో పడగానే పనంతా ఆపేస్తారు. కారణం తేలేదాకా ఎవరూ రొయ్య ముట్టుకోకూడదంట."

ఎర్ర పెట్టె తాళానికి కొన్ననాటి ప్లాస్టిక్ తొడుగు అలాగే ఉంది.

"ఏం ఝల్లో ఏంటో" అంది పాపాయి, చేతిలో రొయ్య ఆపకుండా. "మొరితగారికిచ్చే కాయితం కాబట్టి మొర కాయితం. అర్జీ పెట్టుకున్నట్టే."

సాయంత్రానికి షెడ్డంతా ఆ పేరే స్థిరపడిపోయింది.

మధ్యాహ్నం రెండింటప్పుడు పాపాయి, దేవకుమారి చెరో పక్కా పట్టుకుని వలిచిన రొయ్యల టబ్బు మోసుకెళ్తున్నారు. బల్లల మధ్య మురుగు కాలవ మీద ఇనప జాలీ ఉంది. దాని అంచు ఒకచోట వేలెడు పైకి లేచి ఉంది. పాపాయి బూటు ముక్కు దానికి తగిలింది. మనిషి ముందుకి తూలింది. ఎదురుగా వస్తున్న హైమ ఏమీ ఆలోచించకుండా టబ్బు కింద రెండు చేతులూ పెట్టి ఛాతీతో ఆపింది. మంచు నీళ్ళు ఆ పిల్ల మీద గుమ్మరించినట్టు పడ్డాయి. నాలుగు రొయ్యలు నేల మీద పడ్డాయి, అంతే.

పాపాయి ముందు నవ్వింది. తర్వాత హైమ మణికట్టు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆవిడ చెయ్యి వణుకుతోంది.

పని దిగాక బట్టలు మార్చుకునే గదిలో బల్ల మీద కూర్చుని హైమ కార్డు తీసింది. కార్డు మధ్యలో గీత. పై సగం తెలుగులో రాయాలి, ఫ్లోరు సూపర్వైజరు దొరబాబు గారి కోసం. కింది సగం జపానులో, మొరిత గారి కోసం. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఏమైంది, ఎందుకు.

పక్కన లావణ్య అప్పుడే రాసేసి లేచింది. "నా బూటు లోపల తడి ఉంది, నేను జారబోయాను. అయిపోయింది. పద."

హైమకి అలా రాదు. నలుగురిలో నోరు పెగలని పిల్ల. రోజూ ఇంట్లో ఒక నోటుబుక్కులో చూసినవన్నీ రాసుకుంటుంది. కలం పట్టుకుంటే ఒక మాట వెనక ఇంకో మాట వచ్చేస్తుంది. కింది సగంలో తనకొచ్చిన జపాను మూడు ముక్కలకే అయిపోయింది: జాలీ ఎత్తుగా ఉంది, కాలు తగిలింది, ప్రమాదం. పై సగం మాత్రం నిండిపోయి అంచు దాకా వచ్చింది.

"పాపాయి గారికి వర్షాలు మొదలైనప్పటి నుంచి కుడి మోకాలు నొప్పి. పాదం పూర్తిగా ఎత్తలేరు. అయినా ఎవరికీ తెలియనివ్వరు. నవ్వుతూనే టబ్బులు మోస్తారు. ఈ రోజు ఆవిడ బూటు జాలీకి తగిలి పడబోయారు. చెయ్యి చాలాసేపు వణికింది. జాలీ అంచు వేలెడు ఎత్తు లేచి ఉంది."

ఒకసారి చదువుకుంది. బాగా వచ్చిందనిపించింది. సంతకం పెట్టి పసుపు పెట్టెలో వేసింది.

మంగళవారం పొద్దున్న గేటు దగ్గర దొరబాబు గారు పేర్లు చదువుతున్నారు. ట్రైనీలు ముందు రావాలని మొరిత గారు చెప్పినందువల్ల హైమ ఆగకుండా లోపలికి వెళ్ళిపోయింది.

పసుపు పెట్టె పక్కన కొత్తగా ఒక బోర్డు పెట్టారు. బోర్డు మీద ఒకే ఒక కార్డు ఉంది. కార్డు చుట్టూ ఎర్ర పెన్నుతో రేకులు రేకులుగా పెద్ద పువ్వు గీసి ఉంది.

"పువ్వు గీస్తే చాలా బాగుందని అర్థమట. మన కోచింగు మాస్టారు చెప్పారు గుర్తుందా?" లావణ్య గొంతులో కాస్త అసూయ ఉంది. "మొదటి రోజే కొట్టేశావుగా."

మొరిత గారు హైమని జాలీ దగ్గరికి తీసుకెళ్ళాడు. అంచు నేలతో సమానంగా దిగిపోయింది. నిన్న సాయంత్రం ఫిట్టర్ని పక్కన పెట్టుకుని తనే మోకాళ్ళ మీద కూర్చుని కొట్టాడట. ఆయన బొటనవేలికి బ్యాండేజీ ఉంది. బూటుతో అంచుని రెండుసార్లు తొక్కి చూపించి, వచ్చీరాని తెలుగులో "బాగుంది, బాగుంది" అని చప్పట్లు కొట్టాడు. లావణ్య కొట్టింది. ఆఫీసు వాళ్ళు కొట్టారు. నేర్పినట్టే హైమ నడుము వంచింది.

తల ఎత్తి పాపాయి ఉండే చోటు వైపు చూసింది, ఆవిడ నవ్వుతోందేమోనని. అక్కడ దేవకుమారి ఒక్కతే ఉంది. పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ.

హైమ చప్పట్లు ఆగగానే వెళ్ళి అడిగింది. "దేవమ్మక్కా, అత్తేది?"

దేవకుమారి రొయ్య తల తుంచి పక్కన పడేసింది. ఇంకోటి తుంచింది. "సంబరం అయిపోయిందా? గేటు కాడే పంపించేసేరు. కాలు లెగని మనిషి ఇక్కడెందుకన్నారు. దొరబాబుగారు నీ కాయితం ఫోటో ఫోనులో చూసి అందరికీ ఇనపడేలా చదివేరు. అంతా తెలిసిపోయింది, మోకాలూ, వణుకూ, నవ్వుతా మోయడం, అన్నీ." మూతికున్న గుడ్డలోంచి ఆవిడ ఊపిరి బుసలా వచ్చింది. "మొర బాగా పెట్టేవమ్మా."

ఆ పూట హైమకి ఎవరూ బల్ల దగ్గర జరిగి చోటివ్వలేదు. తన చేతికందే చోట మంచు అయిపోయినా పక్కవాళ్ళు పార తోసివ్వలేదు. పదకొండింటికి ధైర్యం కూడగట్టుకుని దొరబాబు గారి అద్దాల గది తలుపు తోసింది. ఆయన టీ తాగుతున్నారు. చెడ్డ మనిషేం కాదు. ఎవరికి జ్వరమొచ్చినా తన బండి మీద దింపి వస్తారని పేరు.

"అండి... పాపాయత్త..."

"కూర్చోండమ్మా. నేనేం చెయ్యను చెప్పండి. ఆవిడ పదకొండేళ్ళుగా కుంటుతోందో ఎగురుతోందో నాకు తెలీదు. తెలీనంత కాలం నాకు గొడవ లేదు. మీరు సంతకం పెట్టి మరీ కాయితం ఇచ్చేరు, పాదం ఎత్తలేరు అని. రేపు ఆవిడ తడి నేల మీద పడి తుంటి విరగ్గొట్టుకుంటే, ముందే కాయితం వచ్చింది కదా ఏం చేసేవని నన్నే అడుగుతారు. చదివేక చదవలేదని అనగలనా?"

"నేను జాలీ గురించి రాశానండి."

"ఆఖరి లైనులో రాసేరు" అన్నారాయన. ఫోను తిప్పి చూపించారు. నిజమే. ఆఖరి లైనే.

గదిలోంచి బయటికొస్తుంటే మొరిత గారు ఎదురయ్యాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, అందులో రాసుకున్న పేరు చూసి, నెమ్మదిగా అడిగాడు. "పాపాయి-సాన్, యాసుమి దెస్ కా?" పాపాయి గారు సెలవా అని. నిన్న పడబోయిన మనిషికి బాగుచేసిన జాలీ చూపించాలని ఆయన పొద్దుట్నుంచి వెతుకుతున్నట్టున్నాడు.

హైమకి చెప్పవలసినదంతా గొంతులోకి ఒక్కసారే వచ్చింది. అద్దంలోంచి దొరబాబు గారు చూస్తున్నారు. జపాను మాటలు ఒక్కటీ దొరకలేదు. పెద్దవాళ్ళు మాట్లాడితే మన వైపు పిల్లలు అనే మాట, వింటున్నానండి అని తప్ప ఏ అర్థమూ లేని మాట, అదే బయటికొచ్చింది.

"ఆయ్."

ఆయన చెవికి అది "హై" అని వినిపించింది. జపానులో అవునని. ఆయన తల పంకించి, పుస్తకంలో పాపాయి పేరు పక్కన సెలవని రాసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆటో దిగి హైమ ఇంటికెళ్ళకుండా నేరుగా పాపాయి ఇంటికి వెళ్ళింది. పాపాయి అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఒళ్ళో మనవడు. గుమ్మంలో కోడలు నిలబడి, తెల్ల బూట్లలో పాదాలు దూర్చి, బొటనవేలి దగ్గర ఎంత ఖాళీ ఉందో నొక్కి చూసుకుంటోంది. అవి పాపాయి బూట్లు.

హైమని చూడగానే పాపాయి చాపిన కాలు ముడుచుకోబోయింది. ముడుచుకోలేక రెండు చేతులతో పట్టుకుని లాక్కుంది.

"రండమ్మా. కూర్చోండి."

హైమ వెనక్కి తిరిగి చూసింది, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు.

"అత్తా, నేను..."

"పీట తేవే, అమ్మాయిగారు నిలబడ్డారు" అంది పాపాయి కోడలితో. గొంతులో కోపం లేదు. రెవెన్యూ ఆఫీసు వాళ్ళెవరైనా వస్తే ఎలా మాట్లాడుతుందో అలా ఉంది. "టీ పుచ్చుకుంటారా?"

"అత్తా, జాలీ బాగుచేయిస్తారని రాశానత్తా. నిన్ను తీసేస్తారనుకోలేదు. ఒట్టు."

"పోనీలెండి. ఏదో పని. ఇయ్యాళ కాకపోతే రేపు పోయేదే." పాపాయి మనవడి ముక్కు పైట చెంగుతో తుడిచింది. "పని పోయినందుక్కాదమ్మా. మీ చెవిలో చెప్పేను ఆ మాట. ఆటోలో నా పక్కన కూర్చున్నారని చెప్పేను. గేటు కాడ నిలబెట్టి చదువుతా ఉంటే, నా చీర ఊడబీకుతున్నట్టుంది. మోకాలు చదివేరు సరే. చెయ్యి వణకడం కూడా చదివేరు." మనవణ్ణి దగ్గరికి లాక్కుంది. "అది మీరు తప్ప ఎవరూ చూళ్ళేదు."

హైమ పీట మీద కూర్చోలేదు. ఇంటికొచ్చాక అమ్మ ఎదురొచ్చి "ఇంతసేపూ ఎక్కడికెళ్ళావే" అంటే పక్కనుంచి లోపలికి పోయింది. ఆ రోజు నోటుబుక్కు తెరిచి, తారీకు వేసి, ఏమీ రాయకుండా మూసేసింది.

బుధవారం మధ్యాహ్నం భోజనాలప్పుడు హైమ క్యారేజీ విప్పలేదు. పెట్టె పక్కనున్న కట్టలోంచి ఎర్ర కార్డు ఒకటి లాగి, ఫోనులో నిఘంటువు తెరిచి, గోడవార కూర్చుంది. ఈసారి కింది సగం ముందు మొదలుపెట్టింది. ఒక్కొక్క అక్షరం గీతలు లెక్కపెట్టుకుంటూ, తప్పు పోతే కొట్టేస్తూ, ఇరవై నిమిషాలు రాసింది.

లావణ్య పెరుగన్నం ముద్ద చేతిలో పెట్టుకునే వచ్చి చూసింది. చదివి ముద్ద మళ్ళీ గిన్నెలో పడేసింది.

"నీకేమైనా పిచ్చా? కారణం అన్న చోట నీ పేరు రాస్తావేంటి? ఎర్రవి ఇక్కడుండవు తల్లీ, జపాను ఆఫీసుకి పోతాయి. అసలిది ప్రమాదం ఎలా అవుతుంది? ఎవరికీ రక్తం కూడా రాలేదు."

హైమ నిఘంటువు మూసి ఫోను పక్కన పెట్టింది.

"అంత చెప్పాలనుంటే నోటితో చెప్పు."

"నాకు నోటితో రాదు" అంది హైమ. తెలుగు సగంలో అదే సంగతి ఒకే ఒక లైనులో రాసి లేచింది.

ఎర్ర పెట్టెలో కార్డు పడిన చప్పుడు ఎవరికీ వినపడలేదు. పెట్టె పైన బల్బు మాత్రం వెలిగింది. అది వెలుగుతుందని కూడా అప్పటిదాకా ఎవరికీ తెలీదు. ఆఫీసులోంచి మొరిత గారు పరుగులాంటి నడకతో వచ్చాడు. ఆయన ముఖంలో రంగు లేదు. రెండు చేతులూ పైకెత్తి ఏదో అరిచాడు, లావణ్య "ఆపండి, అందరూ ఆపండి" అని అరిచింది. నూట ఇరవై జతల చేతులు మంచు మీద ఆగిపోయాయి. కంప్రెసర్ల మోత ఒక్కటే మిగిలింది.

"ఎవరికి? ఎవరికి దెబ్బ?" అంటూ ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

ఆయన తాళం తీసి కార్డు అందుకుని నిలబడే చదివాడు. ఎక్కడ: గేటు. ఎప్పుడు: మంగళవారం ఉదయం ఆరు నలభై. ఎవరు: పాపాయి గారు. ఏమైంది: పని పోయింది. ఎందుకు: హైమ రాసిన కాగితం.

మళ్ళీ చదివాడు. తర్వాత హైమ వైపు తిరిగి, "ఎక్కడో చూపించు" అన్నాడు.

లావణ్యనీ వెంటబెట్టుకుని గేటు దాకా నడిచారు. ముసురులో గొడుగు కూడా వేసుకోలేదు. పేర్లు చదివే చోట హైమ వేలితో చూపించింది. ఆయన అక్కడికెళ్ళి, పాపాయి నిలబడిన ఆ గజం నేల మీద తను నిలబడి, చుట్టూ చూశాడు. జాలీ దగ్గరా అలాగే చూశాడు. దొరబాబు గారు గొడుగు తెచ్చి పట్టబోతే వద్దన్నాడు. జాలీ బాగుచేశాం కదా, మనిషిని ఎందుకు పంపారని లావణ్య చేత అడిగించాడు. దొరబాబు గారు ఫోను తీసి పసుపు కార్డు పై సగం చూపించారు.

మొరిత గారికి ఆ సగం గీతలే. "చదువు" అన్నాడు లావణ్యతో.

లావణ్య ఒక్కొక్క వాక్యం చదివి జపానులో చెప్పింది. చెయ్యి చాలాసేపు వణికింది అన్న చోట ఆ పిల్ల గొంతు కూడా తగ్గిపోయింది. మొరిత గారు వింటూ హైమని చూడలేదు, నేల వంక చూశాడు. ఆ కాగితానికి పువ్వు గీసింది ఆయనే. తర్వాత జపానులో మాట్లాడాడు. లావణ్య చెప్పింది: "వాళ్ళ దగ్గర హియారి కాగితంలో ఎవరి సంగతి వాళ్ళే రాసుకుంటారంట. ఇంకొకళ్ళ పేరు రాయరంట. అది మనకి చెప్పాలని ఆయనకి తట్టలేదంట. రేపట్నుంచి పాపాయిగారి పేరు లిస్టులో ఉండాలి, కూర్చుని సైజులు ఏరే బల్ల దగ్గర వెయ్యమంటున్నారు."

దొరబాబు గారు "అలాగేనండి, నాకేం అభ్యంతరం" అన్నారు. నిజంగానే ఊపిరి పీల్చుకున్నట్టు కనిపించారు.

మొరిత గారు ఎర్ర కార్డు తడవకుండా చొక్కా లోపల పెట్టుకున్నాడు. మళ్ళీ బయటికి తీశాడు. హైమకి అర్థమయ్యేలా ఒక్కొక్క మాట విడదీసి చెప్పాడు. ఇది వెళ్తుంది. కారణం దగ్గర నీ పేరుంది. పేరున్న ట్రైనీని ఈ ఏడాది జపాను తీసుకెళ్ళరు. కావాలంటే దీన్ని పసుపు కార్డు మీద మళ్ళీ రాయొచ్చు. పసుపువి ఇక్కడే ఉంటాయి. పాపాయి-సాన్ ఎలాగూ వస్తారు. రాస్తావా?

లావణ్య వెనక నుంచి మోచేత్తో పొడిచింది. "ఊఁ అను. ఒక్క మాట. ఊఁ అను."

కోచింగులో మొదటి రోజే రెండు మాటలు నేర్పారు. అవునంటే హై, కాదంటే ఇయ్యె. రెండో మాట హైమ పరీక్షలో రాసిందే తప్ప నోటితో ఎప్పుడూ అనలేదు. పలకడంలో తప్పు పోతుందేమోనని పెదాలు ముందు కదిపి చూసుకుంది.

"ఇయ్యె" అంది.

మొరిత గారు కార్డుని మళ్ళీ చొక్కాలో పెట్టుకున్నాడు. హైమ ముందు నడుము వంచి వెనక్కి తిరిగాడు.

పని నలభై నిమిషాలు ఆగింది. కరిగిన మంచు తోడిపోసి కొత్తది వేయాల్సొచ్చింది. ఆ నలభై నిమిషాలూ సాయంత్రం అదనంగా నిలబడ్డారు. ఆటోలో "మళ్ళీ ఏం మొర పెట్టిందో" అన్నారు ఎవరో. దేవకుమారి "ఊరుకోండే" అని గట్టు వైపు చూస్తూ కూర్చుంది. ఇంట్లో జపాను సంగతి చెబితే అమ్మ పొయ్యి దగ్గర చాలాసేపు అటు తిరిగే కూర్చుంది.

పాపాయి గురువారం రాలేదు. శుక్రవారం వచ్చింది.

హైమ ఆటోలో తన పక్కన చోటు ఉంచి సంచి పెట్టి కూర్చుంది. పాపాయి కాళ్ళకి ఆ తెల్ల బూట్లే ఉన్నాయి. ఆటో పక్కన నిలబడి లోపలికి చూసింది, హైమ సంచి తీసింది.

"కూర్చోండమ్మా. ఇరుకెందుకు" అని పాపాయి ముందుకెళ్ళి డ్రైవరు పక్కన సగం సీటు మీద కూర్చుంది. దారి పొడుగునా డ్రైవరుతో వాళ్ళ ఊరి బ్రిడ్జి గురించి మాట్లాడింది, నవ్వింది కూడా. మునుపటి నవ్వే. ఆ నవ్వు వెనక సీటు దాకా వినిపించింది.

గేటు దగ్గర దొరబాబు గారు "పాపాయమ్మా" అని చదివారు. "ఆయ్" అంది పాపాయి. బోర్డు మీద పువ్వు ఉన్న కార్డు తీసేశారు. మేకు ఒక్కటే ఉంది.

షెడ్డు గుమ్మంలో తొట్టి దగ్గరికి వచ్చేసరికి హైమ అడుగు నెమ్మదించింది. వెనక నుంచి పాపాయి బూటు ఈడ్చే చప్పుడు వినిపిస్తోంది. హైమ ఆగి, కుడి భుజం కొంచెం దించింది.

తొట్టి పక్కన నడుమెత్తున కొత్తగా ఒక ఇనప పైపు బిగించారు, పట్టుకుని దాటడానికి. పసుపు రంగు వేశారు. నిన్నంతా మొరిత గారు దగ్గరుండి వేయించాడని లావణ్య చెప్పింది.

పాపాయి చెయ్యి పైకి లేచింది. అలవాటు చొప్పున హైమ భుజం వైపే వచ్చి, గాలిలో ఒక్క క్షణం ఆగి, పక్కకి జరిగి పైపు మీద పడింది. పైపు పట్టుకుని ఆవిడ ఒక కాలు ఎత్తింది, నీళ్ళలో వేసింది, రెండో కాలు లాక్కుంది, అవతలికి దాటింది. ఎవరి సాయమూ అక్కర్లేకుండా చక్కగా దాటింది.

ముసురుకి రంగు ఇంకా ఆరలేదు. అరచెయ్యంతా పసుప్పచ్చగా అంటుకుంది. పాపాయి దాన్ని ఏప్రనుకి తుడుచుకుంటూ వెనక్కి తిరిగి చూసింది.

"నడవండమ్మా. వెనక జనం ఆగిపోయేరు."

హైమ నీళ్ళలో అడుగేసింది. భుజం ఇంకా దించే ఉంది.